కట్టెల మోపులో పాము

ఓడ బద్దలైంది. రెండువందల డెబ్బది ఆరుగురు ఎలాగో ఒడ్డుకు చేరారు. పైన వాన, ఒంట్లో చలి. మెలితే ద్వీపవాసులు దయ తలచి నిప్పు రాజేశారు. అపొస్తలుడైన పౌలు ఊరక కూర్చోలేదు. తానూ వెళ్ళి మోపెడు పుల్లలు ఏరుకొచ్చి నిప్పులమీద వేశాడు. ఆ సెగకు ఒక సర్పం బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలోని ఈ భాగంమీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. పౌలు దానిని మంటలోకి జాడించివేసిన సంగతి, ద్వీపవాసులు ఆయన వాచి పడిపోతాడని కనిపెట్టుకొని ఉన్న సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ పాము ఎక్కడ నుండి వచ్చిందని అడిగేవారు తక్కువ. అది పౌలును వెదుక్కుంటూ రాలేదు. చలికి బిగుసుకుపోయి ఎండుపుల్లల మధ్య ముడుచుకొని పడి ఉంది. ఆయనే చూసుకోక మోపుతోపాటు ఎత్తుకొచ్చాడు. పాము ఒంటికి తన సొంత వేడి ఉండదు. బయటి వేడినిబట్టే దానికి చురుకు. సెగ తగిలింది గనుక కదిలింది. వైద్యుడైన లూకా ఆ సెగ సంగతి మరువక రాశాడు చూడండి!

ఏన్కూరు మండలంలో పొయ్యి కట్టెలకు అడవికి పోయే అక్కచెల్లెళ్ళకు ఈ భాగం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. తల్లాడ నుండి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే రోడ్డుమీద బస్సులో కూర్చుంటే ఒక పక్క మిరప, పత్తి చేలు, వరి మళ్ళు, ఇంకో పక్క టేకు, తునికి, ఇప్ప చెట్లు కనిపిస్తాయి. చేను ఎక్కడ ఆగుతుందో, అడవి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పలేం. ఆ గీత మనకే లేనప్పుడు పాముకు ఎక్కడిది?

బైబిలు రాసిన భక్తులు పల్లెటూరి మనుషులు. పాము చోటు వారికి బాగా తెలుసు. కంచె కొట్టేవానికి పాముకాటు ప్రమాదముందని ప్రసంగి పదవ అధ్యాయంలో హెచ్చరించాడు. పశువులు కాచుకొన్న ఆమోసు, ఇంటికొచ్చి గోడమీద చెయ్యి వేసిన మనిషిని పాము కరవడం ఒక పోలికగా చెప్పాడు. కట్టెలు, కంచె, గోడ. మన ఊళ్ళ లెక్కలో వీటికి ఎలుక కన్నం ఒకటి కలుపుకోవాలి. ఎలుక ఉన్నచోటికే పాము వస్తుంది.

గిలక పాము మన అడవిలో ఉందా?

టీవీలో చూసిన పిల్లలు ఈ మాట అడుగుతుంటారు. తోక చివర గిలక్కాయలా మోగే పాము అది. లేదు, మన దగ్గర లేదు. మన దేశంలోనే కాదు, ఆసియాలో ఎక్కడా లేదు. కెనడా దక్షిణపు కొన మొదలుకొని అర్జెంటీనా వరకు, అమెరికా ఖండాలలో మాత్రమే అది నివసిస్తుంది. ఆ గిలక మన గోరువంటి పదార్థంతో అయిన బోలు పూసల వరుస. కుబుసం విడిచినప్పుడల్లా ఒక పూస పెరుగుతుంది. పూసలు లెక్కపెడితే వయసు తెలుస్తుందని అంటారు గాని అది నిజం కాదు. ఏడాదిలో రెండు మూడుసార్లు కుబుసం విడవవచ్చు, పాతపూసలు విరిగి రాలిపోవచ్చు. చలిదేశాలలో ఆ పాములు శీతకాలమంతా కొండచరియల పగుళ్ళలో గుంపులుగా దాగి ఉంటాయి. వాటిని వెదికేవారు అందుకే ఆ రాళ్ళ సందులకే పోతారు.

ఆ గిలక పాముకు దగ్గర చుట్టం మాత్రం మన తూర్పు కనుమలలో ఉంది. వాగుల వెంబడి వెదురు పొదలలో ఆకుపచ్చగా కొమ్మకు చుట్టుకొని ఉండే వెదురు పాము. కంటికీ ముక్కుకీ మధ్య దానికి ఒక చిన్న గుంట ఉంటుంది. కటిక చీకటిలో కూడా ఎలుక ఒంటి వేడిని ఆ గుంట పసికడుతుంది. గిలక పాముకున్నదీ సరిగ్గా ఇటువంటి గుంటే. వెదురు నరికేటప్పుడు చేతిమీద కరుస్తుంది. నొప్పి, వాపు విపరీతం, ప్రాణం పోవడం మాత్రం అరుదు. పసిరిక పాము కూడా పచ్చగానే ఉంటుంది గాని అది తాడులా సన్నగా, మూతి కోసుగా ఉంటుంది, దానివలన మనిషికి ప్రాణభయం లేదు.

మరి మోగే పాము మనకు లేదా అంటే, ఉంది. గిలకతో కాదు, ఒంటితో మోగుతుంది. చిన్న పింజర, కొందరు ఇసుక పింజర అంటారు. మూరెడు, మూరన్నర పొడవు. రాతినేలల్లో, ముళ్ళపొదల కింద, బోర్లించిన రాయి అడుగున ఉంటుంది. దాని పొలుసులు రంపపు పళ్ళలా గరుకుగా ఉంటాయి. భయపడితే శరీరాన్ని మెలికలు చుట్టి ఆ మెలికలను ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది. పెనంమీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు వస్తుంది. దీని చుట్టాలు ఎదోము ప్రాంతపు రాళ్ళ ఎడారిలో నేటికీ ఉన్నాయి. సంఖ్యాకాండము 21వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులను కరిచిన తాపకరమైన సర్పములు ఇవే అయివుండవచ్చని కొందరు పండితుల ఊహ.

చిన్నదని చులకన చేయరాదు. మనుషులను ఎక్కువగా చంపే నాలుగు పాములలో ఇదొకటి. తక్కినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర.

కాటుకరేకుల పొడ

రక్తపింజరకు ఇంగ్లీషులో ఒక దొర పేరు ఉంది. ఆ దొర పాట్రిక్ రస్సెల్. స్కాట్లాండు వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో కొన్నేళ్ళు ఉన్నాడు. ఏ పాము విషంగలది, ఏది కాదు అని సామాన్యులు తేల్చుకొనే గుర్తు దొరకాలని ఆయన తాపత్రయం. కోరమండల్ తీరంలో పాములను పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. మన తెలుగువారు ఆ పాములను ఏమని పిలిచేవారో అదే పేరు ఇంగ్లీషు అక్షరాలలో బొమ్మ కింద రాశాడు. రక్తపింజర బొమ్మ కింద ఉన్న పేరు ‘కాటుకరేకుల పొడ’. దాని వీపుమీద నల్లటి అంచుతో గొలుసులా సాగే మచ్చలు చూసినవారికి ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో తెలుస్తుంది. ఇంకో వింత. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు కట్లపాము జాతికి వాడే ‘బంగారస్’ అనే లాటిను పేరు మన ‘బంగారు’ అన్న తెలుగు మాట నుండి పుట్టిందే. పసుపు, నలుపు పట్టీల పామును మనవాళ్ళు బంగారు పాము అంటే ఆయన అలాగే రాసుకున్నాడు.

అంటే రెండువందల ఏళ్ళ కిందట మన తాతలు పామును చూసి, పోల్చి, పేరుపెట్టి పిలవగలిగారు. నేడు మనం జెర్రిగొడ్డును కూడా తాచుపామని కొట్టి చంపుతున్నాం. జెర్రిగొడ్డుకు విషం లేదు. దాన్ని చంపితే లాభం ఎలుకలకే.

చేలో ఏడాది పొడుగునా

పామును వెదకడం అంటే కర్ర పట్టుకొని పొదలు కెలకడం కాదు. ఏ నెలలో ఎక్కడ ఉండగలదో ముందే తెలిసి, చెయ్యి పెట్టకముందు కన్ను పెట్టడం. ఈ వెదుకులాట మన పల్లెలో ప్రతివారూ రోజూ చేయవలసిందే.

ఎండాకాలంలో తునికాకు కోతకు తెల్లవారకముందే అడవిలోకి పోతారు. మొక్క మోకాలెత్తు ఉంటుంది, వంగి మొదట్లో చెయ్యి పెట్టాలి. ఆ ఎండలకు పింజరలు పగలు నీడపట్టున రాయి కింద, రాలిన ఆకుల అడుగున ఉండి, చల్లటి వేళల్లో బయట తిరుగుతాయి. మనిషి పోయేదీ ఆ వేళకే. ముందు కర్రతో ఆకు కదిలించి తరువాత చెయ్యి పెట్టడం పెద్దలకు అలవాటు, తొందరలో పిల్లలే మరిచిపోతారు.

తొలకరి పడిందంటే అసలు కాలం మొదలు. కన్నాలలో నీరు నిండి పాములు మెట్టకెక్కుతాయి. కప్పలు లేస్తాయి, కప్పల వెంట పాములు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఒక్క ఈతకు ఇరవై ముప్పై పిల్లలు వానల ముందూ వెనకా గట్లమీదికి వస్తాయి. జానెడు పిల్లే అయినా పుట్టినప్పటినుండే దానికి కోరా, విషమూ ఉంటాయి. వరినాట్లకు, కలుపుకు గట్టుమీద ఉత్తికాళ్ళతో నడిచే కూలీల పాదానికీ చీలమండకూ పడే కాటు ఎక్కువగా దీనిదే. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు చనిపోయినవారు సుమారు 12 లక్షలని, అంటే ఏటా 58 వేలని 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన లెక్కగట్టింది. అందులో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల పట్టికలో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

పత్తి తీత అయ్యాక పీకిన పత్తికట్టె కుప్పలుగా ఇంటిపక్కనే పోస్తాం, సంక్రాంతి దాటేవరకు పొయ్యిలోకి అవే. అడుగున ఎలుకలు, ఎలుకల వెంట పాము. గడ్డివామూ, పిడకల గూడూ అంతే. పై నుండి తీసుకుంటే కొంత మేలు, కాని పొద్దుగూకినాక మొదలు నుండి లాగే అలవాటు మనది.

డిసెంబరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చలికాలం రక్తపింజరలు జతకట్టే కాలం. మామూలుగా రాత్రి తిరిగే పాము ఆ రోజుల్లో ఎండ కాచుకుంటూ పగలు కూడా కనిపిస్తుంది. అదే నెలలో మన యౌవనస్థులు కేరల్స్‌కని పాడుకుంటూ గూడెం నుండి గూడేనికి, తండా నుండి తండాకు గట్లమీద అర్ధరాత్రి నడుస్తారు. ముందువానికి ఒక లైటు, వెనక ఇరవైమందికి చీకటి. రక్తపింజర తొక్కబోతే కుక్కరు ఈలలా బుస కొడుతుంది. డప్పు, తంబురీన్ మోగుతుంటే ఆ బుస ఎవరికి వినబడుతుంది? పాట ఇంటి ముంగిట్లో పాడవచ్చు. దారిలో నోరు కట్టుకొని, నలుగురికొక టార్చిలైటు పెట్టుకొని నడిస్తే క్రిస్మస్ ఆనందానికి కొరత ఏమీ రాదు.

ఇక కట్లపాము. దీని పద్ధతి వేరు. పగలు పుట్టలో, ఇటుకల కుప్పలో మెత్తగా పడి ఉంటుంది. రాత్రి తిరుగుతూ ఇంట్లోకి వచ్చి, కింద చాపమీద పడుకొన్నవారి పక్కలోకి చేరుతుంది. కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. “అమ్మా, ఏదో కుట్టింది” అని బిడ్డ అంటే “చీమ అయివుంటుంది, పడుకో బిడ్డా” అని తల్లి అంటుంది. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి తీసుకొనే కండరాలు పడిపోతాయి. అజీర్ణమనుకొని వాము నీళ్ళు తాగించి ఊరుకున్న ఇళ్ళు ఎన్నో. వానకాలంలో కింద పడుకొన్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలుతుంటే అది పాముకాటేనని అనుకొని బయలుదేరాలి. మంచంమీద పడుకొని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే చాలావరకు కాపుదల. సువార్త సభలకు వచ్చినవారిని పందిట్లో నేలమీద పడుకోబెట్టే సంఘపెద్దలు ఈ మాట ఆలోచించాలి.

కోరి పట్టుకొన్నవారు

అమెరికాలోని అపలాచియన్ కొండల్లో కొన్ని చిన్న సంఘాలున్నాయి. మార్కు సువార్త చివరి అధ్యాయంలో పాములను ఎత్తిపట్టుకొనుటనుగూర్చి ఉన్న మాటను వారు ఆజ్ఞగా తీసుకున్నారు. ఎండాకాలంలో కొండల్లోకి పోయి రాళ్ళ సందుల్లో గిలక పాములను వెదకి పట్టి, పెట్టెల్లో పెట్టి, ఆరాధనలో చేతులతో ఎత్తుతారు. ఈ అలవాటుకు ఆద్యుడని చెప్పబడే జార్జి హెన్స్‌లీ అనే బోధకుడు 1910 ప్రాంతంలో టెనెస్సీ రాష్ట్రంలో మొదలుపెట్టాడు. 1955 జులైలో ఫ్లోరిడాలో ఆరాధనలో పాము కరిచింది. వైద్యం వద్దన్నాడు, చనిపోయాడు. 2014 ఫిబ్రవరిలో కెంటకీ రాష్ట్రంలో జేమీ కూట్స్ అనే పాస్టరు సరిగ్గా అలాగే వెళ్ళిపోయాడు. అంబులెన్సు ఇంటికి వచ్చింది, ఎక్కలేదు.

వారి భక్తిని నేను ఎగతాళి చేయను. కాని పౌలు పామును వెదుక్కుంటూ పోలేదు, పుల్లలు ఏరడానికి పోయాడు. దేవాలయ శిఖరంమీద నుండి దూకమని అపవాది అన్నప్పుడు మన ప్రభువు దూకలేదు, దేవుని శోధింపరాదని బదులిచ్చాడు.

అమెరికా మాట మనకెందుకు అంటారేమో. మన సంఘాలలో ఎవరూ పాములు పట్టరు, నిజమే. అయితే కాటు పడ్డాక “ఆసుపత్రికి వెళితే అవిశ్వాసం” అనే మాట నేను విన్నాను. ఇంకోవైపు, ఏ మంత్రానికీ పోని విశ్వాసి కుటుంబం కూడా పురుగు ముట్టిందనేసరికి చుట్టాల బలవంతాన పక్క ఊరి మంత్రగాడి వద్దకు పరుగెత్తడం చూస్తున్నాం. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అంటారు, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అంటారు, కంట్లో పసరు పోస్తారు. మంత్రానికి బతికినవారు లేరా అంటే ఉన్నారు. కరిచే పాములలో విషం లేనివి చాలా. విషంగల పాము కూడా ఒక్కోసారి కోర దించి విషం వదలదు. వారు మంత్రం లేకపోయినా బతికేవారే. నిజంగా విషం ఎక్కినవానికి ఆ రెండు గంటలే ప్రాణం. ప్రార్థన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రార్థన ఆటోలో కూర్చొని కూడా చేయవచ్చు.

కాటు పడినప్పుడు

ముందుగా మనిషిని కదలకుండా పడుకోబెట్టండి. నడిపించవద్దు, పరుగెత్తించవద్దు. కాటు కాలిదైతే మెట్టెలు, కడియాలు, చేతిదైతే ఉంగరం, గాజులు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక తీయలేరు. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రబద్ద పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం అసలే కూడవు. బిగించిన తాడువల్ల కాలు కుళ్ళి తీసేయవలసి వస్తుంది. పామును పట్టితేవడానికి మనిషిని పంపవద్దు, రెండో కాటు అక్కడే జరుగుతుంది. 108కి ఫోను చేయండి. అది వచ్చేలోగా ఆటో దొరికితే అందులోనే ఖమ్మం గాని కొత్తగూడెం గాని, ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరండి. మోటారుసైకిలే దిక్కైతే నడిపేవానికీ వెనక పట్టుకొనేవానికీ మధ్య కూర్చోబెట్టండి.

విషానికి విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఒక సీసాతో తీరే పని కాదు, మొదటి విడతకే ఎనిమిది పది సీసాలు ఎక్కిస్తారు. కొందరికి మందు పడక ఒళ్ళు దద్దుర్లెక్కి బి.పి. పడిపోతుంది. అందుచేత ఇది ఆర్.ఎం.పి. డాక్టరు ఇంట్లో చేసే పని కాదు. పింజర కాటో కాదో తెలుసుకోవడానికి గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ఖరీదైన యంత్రం ఏమీ అక్కరలేదు. కట్లపాము కాటుకు ఊపిరి ఆడించే యంత్రం, రక్తపింజర కాటుకు కిడ్నీలు చెడితే డయాలసిస్ కావాలి. పెద్దాసుపత్రి అనేది అందుకే.

ఇరుళుల గడ్డపార

ఆ సీసాలోని మందు ఎక్కడిదో తెలుసా? పాము విషం కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. దానిని శుద్ధి చేసి సీసాలకు ఎత్తుతారు. పైన చెప్పిన నాలుగు పాములకూ ఒకే మందు. మరి ఆ విషం తెచ్చేదెవరు? చెన్నై నుండి మహాబలిపురం పోయే సముద్రపు రోడ్డుమీద వడనెమ్మేలి అనే ఊరుంది. అక్కడ ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకొన్న సహకార సంఘం దశాబ్దాలుగా ఈ దేశానికి విషం అందిస్తోంది. అంతకుముందు వారు చర్మాల వ్యాపారులకు పాములు పట్టి అమ్మేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి ఆ బతుకు పోయింది. రోములస్ విటేకర్ అనే పాముల నిపుణుడు వారితో కలిసి ఈ కొత్త దారి తీశాడు.

వారు వెదికే తీరు చూడవలసినదే. గడ్డపార ఒకటి, సంచి ఒకటి. గట్టు వెంట నడుస్తూ కన్నాల మూతి చూస్తారు. ఎలుక తిరిగే కన్నమైతే కొత్తమట్టి పెళ్ళలు ఉంటాయి, పాము దూరినదైతే మూతి నున్నగా ఉంటుంది. దుమ్ములో జాడ, కుబుసం ముక్క, రెట్ట చూసి ఏ పామో, ఎప్పుడు పోయిందో చెబుతారు. పట్టిన పామును కుండలో పెట్టి సంఘానికి ఇస్తారు. వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు విషం తీస్తారు. పొట్ట కింది పొలుసుమీద గుర్తుపెట్టి మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తున్న పాము మళ్ళీ దొరికితే దానిని పట్టరు. ఈ ఇరుళులలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017లో అమెరికావారు ఫ్లోరిడాకు పిలిపించుకున్నారు. అక్కడి చిత్తడి అడవుల్లో పెరిగిపోయిన కొండచిలువలను వెదకి పట్టడం వారి శాస్త్రజ్ఞులకు కష్టంగా ఉండేది. బడికి ఎక్కువ పోని ఈ ఇద్దరూ పట్టి చూపించారు. 2023లో మన ప్రభుత్వం వారికి పద్మశ్రీ ఇచ్చింది.

అర్ధరాత్రి ఖమ్మం ఆసుపత్రిలో మన బిడ్డ చేతికి ఎక్కే మందు, ఎక్కడో చెంగల్పట్టు వైపు గట్టుమీద ఒక ఇరుళ మనిషి గడ్డపారతో తవ్వి పట్టిన రక్తపింజరది కావచ్చు. విషం ఇచ్చిన ఆ పాము నెల తిరగకముందే మళ్ళీ అడవిలోకి వెళ్ళిపోయి ఉంటుంది.